లాలా, రాజా, అండ్ సన్స్: దీన్ దయాళ్ పేరును ఎలా నమోదు చేయాలి?

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంనాటి హైదరాబాద్ ప్రసిద్ధ ఫోటోలు కొన్ని తీసుకోండి. వాటి కింద ఛాయాచిత్రకారుడి పేరు ఒకచోట లాలా దీన్ దయాళ్ అని, మరోచోట రాజా దీన్ దయాళ్ అని, ఇంకోచోట రాజా లాలా దీన్ దయాళ్ అని ఉంటుంది. పాత ఇంగ్లీషు పుస్తకాల్లో దిన్ దయాళ్, దీన్ దియాల్ అనే రూపాలూ ఉన్నాయి. ఫోటో అతికించిన అట్ట మీద మాత్రం చాలాసార్లు 'రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్' అనే అచ్చయి ఉంటుంది. కొన్ని జాబితాలు ఇంటిపేరు ముందు పెట్టాలనే అలవాటుతో 'దయాళ్, దీన్' అని తిరగేస్తాయి. చనిపోయిన సంవత్సరం ఒకచోట 1905, మరోచోట 1910.

విజ్ఞానకోశంలో వ్యాసం రాసేవారూ మ్యూజియం కేటలాగు తయారుచేసేవారూ వికీపీడియాకు తోడుగా ఉండే డేటాబేసు వికీడేటాలో వివరాలు ఎక్కించేవారూ ఇక్కడే తడబడతారు. వీటిలో ఒక రూపాన్ని ఎంచుకుని మిగతావి కొట్టేస్తే పని అయిపోయినట్టు అనిపిస్తుంది కానీ, కాదు. ఈ రూపాల్లో కొన్ని ఒకే మనిషికి వేర్వేరు కాలాల్లో చెల్లిన పేర్లు, కొన్ని రాతలో తేడాలు, ఒకటి అసలు మనిషి పేరే కాదు, వ్యాపార సంస్థ పేరు. వీటిని విడదీయకుండా శీర్షిక నిర్ణయిస్తే ఆ తప్పు ఒక్కచోట ఆగదు, ఆ పేరు కింద చేరే వందల ఫోటోలకూ అంటుకుంటుంది.

ముందుగా జీవిత క్రమం. ఏ పేరు ఎప్పటిదో తెలియాలంటే ఇది తప్పదు. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీ థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇండోర్‌లో ప్రజా పనుల శాఖ ఉద్యోగంలో చేరారు. 1870ల నడుమ కెమెరా పట్టారు. మధ్య భారతంలో బ్రిటిష్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీ, ఆ తర్వాత సర్ లెపెల్ గ్రిఫిన్ ఆయన్ను ప్రోత్సహించారు. గ్రిఫిన్ వెంట తిరిగి తీసిన కట్టడాల ఫోటోలతోనే 1886లో మధ్య భారత స్మారకాల మీద గ్రిఫిన్ పుస్తకం వెలువడింది. ఇదంతా 'లాలా' కాలం. 1880లలో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు, నిజాం కొలువులో చేరారు. 1894లో నిజాం ఆయనకు రాజా బహాదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చారు. 1896లో బొంబాయిలో మరో స్టూడియో తెరిచారు. 1897లో విక్టోరియా రాణి నుంచి రాజ నియామక పత్రం (రాయల్ వారంట్) అందింది. 1905 జులైలో బొంబాయిలో కన్నుమూశారు. కొడుకులు జ్ఞాన్ చంద్, ధర్మ్ చంద్ ఇద్దరూ స్టూడియో పనిలో ఉన్నవారే. ధర్మ్ చంద్ 1904లో తండ్రి కంటే ముందే పోయారు.

ఈ క్రమం ముందు పెట్టుకుంటే 'లాలా', 'రాజా' అనేవి ఒకదానికొకటి పోటీ పేర్లు కావని తెలుస్తుంది. 'లాలా' ఉత్తరాదిలో వర్తక, కాయస్థ కుటుంబాల పురుషులకు వాడే గౌరవవాచకం. 'రాజా' అసఫ్‌జాహీ దర్బారు ఇచ్చిన బిరుదులో భాగం. దానికి సంస్థానమూ లేదు, గద్దె కూడా లేదు. ఇది చెప్పకుండా వదిలేస్తే ఆయన ఏదో సంస్థానాధీశుడని పాఠకుడు అనుకునే ప్రమాదం ఉంది, గద్వాల, వనపర్తి రాజుల కథలు విన్న తెలంగాణ పాఠకుడైతే మరీను. 'జంగ్' కూడా ఇంటిపేరు కాదు. నిజాం కొలువులో జంగ్, దౌలా, ముల్క్ అంటూ మెట్టుమెట్టుగా పెరిగే బిరుదుల్లో అదొకటి. దాని ముందున్న ముసవ్విర్ అంటే బొమ్మలు చిత్రించేవాడు.

కాబట్టి అసలు పేరు 'దీన్ దయాళ్'. ఆ రెండు మాటలూ కలిసి ఒకే పేరు, 'దయాళ్' ఇంటిపేరు కాదు. ఇంటిపేరు గడి తప్పనిసరిగా నింపాలని పట్టుబట్టే డేటాబేసుల్లో 'దయాళ్' అని కొట్టేస్తే పని జరిగిపోతుంది, కానీ అకారాది సూచికలో ఆయన 'ద'లోకి వెళ్లిపోతారు. 'దీ' కింద వెతికేవారికి దొరకరు, అక్కడ మరొకరు ఇంకో నమోదు తెరుస్తారు. అలాంటి సాఫ్ట్‌వేర్‌లో మొత్తం పేరును ఒకే గడిలో పెట్టి, రెండోదాన్ని ఖాళీగా వదలాలి. ఖాళీని ఒప్పుకోకపోతే మొత్తం పేరును ఇంటిపేరు గడిలోనే రాయడం మేలు, వరుస అయినా చెడదు.

శీర్షికకు ఏది?

గ్రంథాలయ నియమాలు ఈ విషయంలో ఒకే మాట చెబుతాయి: మనిషి ఏ రూపంలో ఎక్కువగా తెలుసో అదే ప్రధాన రూపం, మిగతావన్నీ దానికి దారి చూపే రూపాలు. ఇంగ్లీషు విజ్ఞానకోశాలు, కళా సంస్థల జాబితాలు కొన్ని 'లాలా'తో, కొన్ని 'రాజా'తో మొదలుపెడతాయి. తెలుగులో నిర్ణయం సులువే. మన పాఠకులు ఆయన్ను ఎరిగింది హైదరాబాద్ ద్వారా, ఇక్కడ పత్రికల్లోనూ ప్రదర్శనల్లోనూ వినిపించేది రాజా దీన్ దయాళ్ అనే. తెలుగు వ్యాసానికి అదే శీర్షిక కావాలి. మొదటి వాక్యంలో 'లాలా దీన్ దయాళ్ అని కూడా' అని చెప్పి, 1894 బిరుదు సంగతి అక్కడే ఒక ముక్క రాస్తే చాలు. 'రాజా లాలా దీన్ దయాళ్' అనే కలగలుపు రూపాన్ని శీర్షికగా పెట్టకపోవడం మంచిది. అది రెండు కాలాలను ఒకటిగా కుక్కుతుంది, ఏ కాలంలో ఏ పేరు చెల్లిందన్న ఆనవాలును చెరిపేస్తుంది.

తెలుగు అక్షరక్రమం దగ్గర మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని చిక్కు ఒకటుంది. 'దీన్ దయాళ్' అని మధ్యలో ఖాళీ వదిలి రాయొచ్చు. కలిపి రాసేటప్పుడు న-పొల్లు పక్కన దయాళ్ నిలబడాలంటే కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం మధ్యలో పెట్టాలి. అది పెట్టకపోతే 'దీన్దయాళ్' అని ద-వత్తు పడుతుంది. చదివేవారికి ఈ మూడూ ఒకటే, కంప్యూటర్ వెతుకులాటకు మూడూ వేర్వేరు. చివర 'ల్' రాసేవారిని కలుపుకుంటే ఆరు రూపాలు. ఖాళీ వదిలి, చివర 'ళ్' పెట్టి రాసే రూపాన్ని ప్రధానంగా తీసుకోవాలి. ఎవరి కీబోర్డు మీదైనా అది ఒకేలా పడుతుంది. మిగతా ఐదింటికీ దారిమార్పులు, అంటే వాటిని వెతికినా అసలు పేజీకే చేర్చే లింకులు, పెట్టాలి. పండిట్ దీనదయాళ్ ఉపాధ్యాయ కోసం వెతికేవారు దారితప్పి ఇటు రాకుండా, ఒకేలాంటి పేర్లను విడదీసి చూపే అయోమయ నివృత్తి పేజీలో ఒక వరుస కూడా కావాలి.

ఫోటో మీద అచ్చయిన పేరు సంగతి వేరు. దాన్ని ఎన్నడూ సరిదిద్దకూడదు. అట్ట మీద 'దీన్ దియాల్' అని ఉంటే నమోదులోని 'రాత' గడిలో ఉన్నది ఉన్నట్టే ఎక్కించాలి. 'సృష్టికర్త' గడిలో మాత్రం ప్రధాన రూపం రాయాలి. ఈ రెండు గడులను కలిపేసిన కేటలాగుల్లో, ఆ అక్షరక్రమం స్టూడియోదా కేటలాగు గుమాస్తాదా అన్నది తర్వాత ఎవరికీ తేలదు. అక్షరక్రమమే కాలానికి ఆధారమయ్యే చోట ఇది పెద్ద నష్టం.

పేరు తేదీని ఎంతవరకు చెబుతుంది?

అట్ట మీద 'రాజా' కనిపిస్తే ఆ అట్ట 1894కు ముందుది కాదు. బొంబాయి చిరునామా ఉంటే 1896కు ముందుది కాదు. రాణి నియామక ముద్ర ఉంటే 1897కు ముందుది కాదు. ఇంతవరకూ సరే. చాలామంది ఇక్కడితో ఆగకుండా ఫోటో తీసిన సంవత్సరాన్ని కూడా అదే లెక్కలో వేస్తారు. తప్పు సరిగ్గా అక్కడే జరుగుతుంది.

అప్పటి స్టూడియోకు గాజు నెగటివే పెట్టుబడి. 1880ల మొదట్లో గ్వాలియర్ కోటను తీసిన ప్లేటు నుంచి పదిహేనేళ్ల తర్వాత సికింద్రాబాద్‌లోనో బొంబాయిలోనో కొత్త ప్రింటు తీసి, అప్పుడు వాడుకలో ఉన్న అట్టకు అతికించి అమ్మేవారు. ఆ అట్ట మీద సహజంగానే 'రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్' అని ఉంటుంది. నెగటివ్ తీసినప్పుడు రాజా బిరుదూ లేదు, కొడుకులకు స్టూడియోలో పాత్రా లేదు. అందుకే ప్రతి ప్రింటుకూ రెండు తేదీలు కావాలి: నెగటివ్ తేదీ, ప్రింటు తేదీ. గడి ఒక్కటే ఉంటే నెగటివ్ తేదీ ప్రధాన గడిలోకి, ప్రింటు తేదీ వివరణలోకి వెళ్లాలి. కాగితం కూడా కొంత సాయం చేస్తుంది. గుడ్డు తెల్లసొన పూతతో చేసే ఆల్బ్యుమెన్ కాగితం 1890లలో మెల్లగా వాడుక తగ్గి, జెలటిన్ కాగితాలు ముందుకొచ్చాయి. అయితే ఇది కూడా ప్రింటు గురించే చెబుతుంది, నెగటివ్ గురించి కాదు.

నెగటివ్ తేదీకి దగ్గరి సాక్ష్యం ఫోటోలోనే, అడుగు అంచున ఉంటుంది. అక్కడ తెల్లటి సన్నని అక్షరాల్లో ఒక సంఖ్య, ఒక చిన్న శీర్షిక కనబడతాయి. అవి ప్రింటు మీద రాసినవి కావు, గాజు ప్లేటు మీద సిరాతో రాసినవి. సిరా వెలుతురును అడ్డుకుంటుంది కాబట్టి ప్రింటులో ఆ భాగం తెల్లగా మిగిలిపోతుంది. ప్లేటును గీకి రాస్తే అదే అక్షరాలు నల్లగా వస్తాయి. మందు పూత ఉన్న వైపు రాసేటప్పుడు అక్షరాలను అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి, అందుకే కొన్ని అక్షరాలు వంకరపోతాయి. ఆ వంకరలో 3ను 8గా, 1ని 7గా చదవడం మామూలే. సంఖ్యను నమోదు చేసేటప్పుడు సందేహం ఉన్న అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి, ఊహించి పూరించకూడదు. స్కాన్‌లో ఈ రాత తిరగబడి కనిపిస్తే ప్లేటును తప్పు వైపు నుంచి స్కాన్ చేశారన్నమాట. చార్మినార్ లాంటి సౌష్ఠవమైన కట్టడంలో ఈ పొరపాటు కంటికి తట్టదు, రాతే పట్టిస్తుంది.

ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో ఈ స్టూడియో గాజు నెగటివ్‌లు 2,857 సేకరించింది. ఎక్కడో ఉన్న ప్రింటును అక్కడున్న ప్లేటుతో జతచేయడానికి ఈ అంచు సంఖ్యే తాళంచెవి. అందుకే కత్తిరించిన స్కాన్లను ఎక్కించడం నష్టం. ఫోటో అందంగా కనిపించాలని అడుగు అంచు కోసేస్తే సంఖ్య పోతుంది, దాంతో ఆధారమూ పోతుంది.

మనిషి వేరు, స్టూడియో వేరు

పేరు విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నా సరే, ఈ విభజన చేయకపోతే అది నిలవదు. వ్యక్తికి ఒక నమోదు, 'రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్' అనే సంస్థకు మరో నమోదు ఉండాలి. రెండింటినీ 'స్థాపకుడు' అనే సంబంధంతో కలపాలి. జ్ఞాన్ చంద్‌కూ ధర్మ్ చంద్‌కూ వ్యాసం రాసేంత సమాచారం లేకపోయినా విడివిడి నమోదులు తెరవడం సబబు. పేరు, బంధం, తెలిసిన తేదీ ఉంటే చాలు.

ఎందుకంత అవసరమో 1902 నాటి ఒక ఫోటో చూపిస్తుంది. ఆ ఏడాది ఏప్రిల్-మే నెలల్లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యంలో వేటకు వచ్చారు. వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గరి విడిదిలో చంపిన పులి ముందు కర్జన్ దంపతులు నిలబడిన చిత్రం చాలా ప్రసిద్ధం. ఆన్‌లైన్లో దాని కింద తరచూ కనిపించే పేరు లాలా దీన్ దయాళ్. అప్పటికి 'రాజా' బిరుదు వచ్చి ఎనిమిదేళ్లయింది కాబట్టి ఆ పేరు ఆ కాలానికి నప్పదు. అంతకంటే ముఖ్యం, కెమెరా వెనక నిలబడింది ఎవరన్నది. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు, రెండు నగరాల్లో స్టూడియోలు, పని తెలిసిన కొడుకులు, జీతానికి కెమెరాలు పట్టే మనుషులు ఉన్నారు. ఆయనే స్వయంగా తీశారనడానికి చేతిలో ప్రత్యేక ఆధారం లేనప్పుడు సృష్టికర్త గడిలో సంస్థ పేరు పెట్టడమే నిజాయితీ: 'రాజా దీన్ దయాళ్ అండ్ సన్స్ స్టూడియో, నెక్కొండ, వరంగల్ జిల్లా, 1902 ఏప్రిల్-మే'. ఊరి పేరు పాత ఇంగ్లీషు రాతల్లో 'నెకొండ' అయింది. ఆ రూపాన్ని 'రాత' గడిలో ఉంచి, స్థలం గడిలో నెక్కొండ అనే రాయాలి.

తేదీతో పట్టుబడే తప్పులు ఇంకా స్పష్టంగా ఉంటాయి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద శిథిలాల ఫోటో కింద దీన్ దయాళ్ వ్యక్తిగత నమోదు కనిపిస్తే అది తప్పే. ఆయన పోయి అప్పటికి మూడేళ్లు దాటింది. 1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ను నిజాంగా చూపే ఏ చిత్రమైనా అంతే. అట్ట మీద పేరు ఉండొచ్చు, అది సంస్థ పేరు. చనిపోయిన సంవత్సరం 1910 అని రాసుకున్న కేటలాగులో మాత్రం 1908 ఫోటో ఏ హెచ్చరికా లేకుండా దాటిపోతుంది. ఒక తేదీ తప్పు ఇంకో తప్పుకు ఎలా తలుపు తీస్తుందో ఇక్కడ చూడొచ్చు.

ఆ 1910 సంగతి. 1980లో అమెరికాలో వెలువడిన 'ప్రిన్స్‌లీ ఇండియా' అనే ఫోటో పుస్తకం ఉపశీర్షికలో 1884-1910 అని ఉంది. అవి ఆ పుస్తకంలోని ఫోటోల కాలం, జీవితకాలం కాదు. ఛాయాచిత్రకారుడి పేరు పక్కనే ఉన్న రెండు సంవత్సరాలను జీవిత సంవత్సరాలుగా తీసుకోవడం ఎవరికైనా సులువుగా జరిగే పొరపాటు. అందుకే సంవత్సరం ఎక్కడ కనిపించినా, అది పుట్టుక-మరణమా, పనిచేసిన కాలమా అని ముందు తేల్చుకోవాలి. పనిచేసిన కాలాన్ని విడిగా రాసేందుకు నమోదు పద్ధతులన్నిటిలో చోటుంది.

వికీడేటాలో తప్పు తేదీని తీసేయడం కంటే ఉంచడమే మేలు. పి570 అనే మరణ తేదీ లక్షణం కింద 1905కు ఆధారం జోడించి ప్రాధాన్య స్థాయి ఇవ్వాలి. 1910ని తిరస్కృత స్థాయికి దించి, కారణం రాయాలి. తీసేస్తే పాత కేటలాగుల నుంచి సమాచారం తెచ్చే బాట్లు, అంటే తమంతట తామే పనిచేసే ప్రోగ్రాములు, దాన్ని మళ్లీ ఎక్కిస్తాయి, కారణం రాసి ఉంచితే తర్వాత వచ్చే మనిషికి వాదన కనిపిస్తుంది. 'రాజా'ను పేరులో కలపకుండా గౌరవవాచకానికి ఉన్న పి511లో పెట్టి, ప్రారంభ సంవత్సరంగా 1894 ఇవ్వాలి. గ్రంథాలయాల పేర్ల జాబితాలను కలిపే వయాఫ్, గెట్టీ సంస్థ నడిపే కళాకారుల పేర్ల జాబితా యూలాన్ సంఖ్యలు జోడించే ముందు, ఆ నమోదు వ్యక్తిదా సంస్థదా అని తెరిచి చూడాలి. వ్యక్తి పేజీకి సంస్థ సంఖ్య తగిలిస్తే యంత్రాలు రెండింటినీ ఒకటి చేసేస్తాయి, విడదీయడం కష్టమైన పని.

ఒకే పేరు వెనక ఇద్దరు ఉండే చిక్కు దీనికి పూర్తిగా తిరగబడిన రూపం. 1857 తిరుగుబాటు తర్వాత లక్నోలో ఫోటోలు తీసిన ఫెలీచే బియాటో విషయంలో అదే జరిగింది. 'ఫెలీచే ఆంటోనియో బియాటో' అని ఉన్న సంతకాలను చూసి చాలాకాలం ఒక్క మనిషే ఈజిప్టులోనూ తూర్పు దేశాల్లోనూ ఏకకాలంలో ఎలా పనిచేశాడని పరిశోధకులు తికమకపడ్డారు. వారు ఇద్దరు సోదరులు, ఆంటోనియో ఈజిప్టులో స్థిరపడ్డారు. ఆంటోనియో 1886లో ఒక ఫ్రెంచి ఫోటోగ్రఫీ పత్రికకు రాసిన లేఖ 1980లలో మళ్లీ వెలుగులోకి వచ్చాకగానీ ముడి విడలేదు. పేరును ప్రామాణికం చేసే తొందరలో సంతకాలను 'సరిదిద్ది' ఎక్కించి ఉంటే ఆ ముడి విప్పే పోగు కూడా మిగిలేది కాదు.

జనానా స్టూడియో

దీన్ దయాళ్ నమోదుల్లో అందరికంటే ఎక్కువ అన్యాయం జరిగింది ఇక్కడ. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ఆయన ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచారు. మగవారికి అందులో ప్రవేశం లేదు. దాన్ని నడిపింది మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ. మగవాడు అడుగుపెట్టకూడదన్న షరతు మీదే నడిచిన గదిలో తీసిన చిత్రానికి ఛాయాచిత్రకారుడిగా దీన్ దయాళ్ పేరు రాయడం ఆ స్టూడియో పుట్టుకకే విరుద్ధం. అయినా ఆ పేరే రాస్తూ వచ్చారు.

ఈ చిత్రాలకు సృష్టికర్త గడిలో సంస్థ పేరు, దాని పక్కన 'జనానా స్టూడియో' అనే వివరం ఉండాలి. ఫలానా చిత్రం అక్కడిదే అనడానికి ఆధారం ఉంటే, స్టూడియోను నడిపిన వ్యక్తిగా కెన్నీ-లెవిక్ పేరు చేర్చాలి. కెమెరా ఆమే పట్టారని చెప్పే ఆధారం విడిగా దొరికితేనే ఛాయాచిత్రకారిణిగా రాయాలి. ఆమెకు సొంత నమోదు తెరవడం మాత్రం వెంటనే చేయాల్సిన పని. సొంత పేరు దొరకకపోతే, ఆ కాలపు ఆధారాలు ఇచ్చిన రూపంలోనే భర్త ఇంటిపేరుతో నమోదు చేసి, సొంత పేరు గడిని ఖాళీగా వదలాలి. ఆ ఖాళీ కనిపిస్తేనే తర్వాత ఎవరైనా వెతుకుతారు.

అలాగని స్త్రీల చిత్రాలన్నీ అక్కడివే అనుకోకూడదు. ఆంగ్ల అధికారుల భార్యలు, నాట్యకత్తెలు మామూలు స్టూడియోలోనూ కూర్చున్నారు. తెర మీద గీసిన నేపథ్యం, నేల మీది తివాచీ, కుర్చీ చెక్కడం పోల్చి చూసి, తెలిసిన జనానా చిత్రాలతో కలిసినప్పుడే ఆ వివరం చేర్చాలి. నేపథ్యాలు రెండు స్టూడియోల మధ్య చేతులు మారి ఉండే అవకాశం ఉంది కనుక ఒక్క పోలికతో తీర్మానించకుండా 'బహుశా' అనే మాట జోడించడం సరైనది.

ఈ విభజనల ప్రభావం లైసెన్సు మీదా పడుతుంది. స్వేచ్ఛగా వాడుకోదగిన ఫోటోలు దాచే వికీమీడియా కామన్స్‌లో 'రచయిత చనిపోయి 70 ఏళ్లు దాటింది' అనే మూసను (ముందే రాసిపెట్టిన కాపీరైట్ ప్రకటనను) దీన్ దయాళ్ ఫోటోలన్నిటికీ అలవాటుగా తగిలిస్తారు. ఆయన స్వయంగా తీసినవాటికి అది చెల్లుతుంది. 1905 తర్వాతి స్టూడియో ఫోటోకు, తీసినవారి పేరు తెలియని చిత్రానికి అది అబద్ధపు కారణం అవుతుంది. అలాంటి ఫైలుకు మొదట అచ్చయిన చోటు, సంవత్సరం చూపి వేరే మూస పెట్టాలి. లేకపోతే ఎవరైనా తొలగింపుకు ప్రతిపాదించినప్పుడు ఫోటో నిజంగా కాపీరైట్ లేనిదే అయినా నిలబెట్టడానికి చేతిలో ఏమీ ఉండదు.